మాజీ సైనికుడి ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అంత పేరు లేకపోయినా, పట్టాళంలో చేసి వచ్చి, ఆ పెన్షనుతో పిల్లల్ని చదివించి, ఇప్పటికీ ఇంటి బరువంతా మోస్తున్న పెద్దలు డెల్టా ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాళ్ళ కోడళ్ళు, మనవలు రాసినవే. ఆ పెద్దాయన తన చేత్తో సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే తెమల్చుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికే ఎక్కువ చోటిచ్చాం.

మామయ్యగారికి 82 ఏళ్ళు. ఆర్టిలరీలో (ఫిరంగుల దళంలో) హవల్దారుగా చేసి 1979లో వచ్చేశారు. పెన్షన్ కాగితంలో అత్తయ్యగారి పేరు ‘సత్యవతి’ అని మాత్రమే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ‘వీర వెంకట సత్యవతి’. రేపు ఏమైనా ఇబ్బంది వస్తుందా? (ఒక కోడలు, అంబాజీపేట)

వస్తుందమ్మా. మన వైపు నుంచి మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ బాధే. అప్పట్లో రికార్డు గుమాస్తాకు మన పేర్ల పద్ధతి తెలియదు. ఇంటిపేరు వదిలేసేవారు, లేదా అదే అసలు పేరనుకుని రాసేసేవారు. పెళ్ళి వివరాలు సెలవు మీద వచ్చినప్పుడు నోటిమాటగా చెప్పి రాయించినవైతే భార్య పేరు సగమే ఎక్కేది. ఆయన ఉన్నంతకాలం పెన్షన్ ఆయన పేరునే పడుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఆయన పోయాక కుటుంబ పెన్షనుకు దరఖాస్తు పెట్టినప్పుడు ‘పేర్లు కలవలేదు’ అని తిరిగొస్తుంది. అప్పుడు సంతకం పెట్టాల్సిన మనిషి ఉండడు.

పేరు ఎక్కడ దిద్దించాలన్నది మొదటి ప్రశ్న. ఆధార్‌ను పెన్షన్ కాగితానికి తగ్గట్టు మార్చమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఆధార్ మారిస్తే బ్యాంకు ఖాతా, పాన్, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ మళ్ళీ దిద్దించుకోవాలి. పెన్షన్ ఆర్డర్‌లోనే, అంటే పీపీఓలోనే పేరు సరిచేయించండి.

ఆర్టిలరీ రికార్డులు నాసిక్ రోడ్డులో ఉంటాయి. (మిగతా పాఠకుల కోసం: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఇంజినీర్ల దళం మద్రాస్ శాపర్స్‌కు బెంగళూరు, యంత్రాల మరమ్మతు దళం ఈఎంఈకి సికింద్రాబాద్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. నేవీ సెయిలర్లకు ముంబైలో, ఎయిర్‌ఫోర్సు వారికి ఢిల్లీ సుబ్రోతో పార్కులో.) మామయ్యగారి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు పైన రాసి ఆయన సంతకంతో దరఖాస్తు తయారుచేయండి. ‘సత్యవతి, వీర వెంకట సత్యవతి ఒకే మనిషి, నా భార్య’ అని నోటరీ చేయించిన అఫిడవిట్, ఇద్దరి ఆధార్, పాన్ నకళ్ళు, పక్కపక్కన కూర్చుని తీయించుకున్న ఫొటో, డిశ్చార్జి బుక్కులో (పట్టాళం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన పుస్తకంలో) కుటుంబ వివరాల పేజీ నకలు, పీపీఓ నకలు జతచేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి, అక్కడి నుంచే పంపిస్తే మంచిది. నేరుగా పోస్టు చేసిన దరఖాస్తులు ఏదో ఒక కాగితం తక్కువైందని వెనక్కొస్తుంటాయి. అఫిడవిట్‌లో పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్క అక్షరం తేడా లేకుండా, ఒకటి పీపీఓలో ఉన్నట్టు, రెండోది ఆధార్‌లో ఉన్నట్టు ఉండాలి. పని తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఇదే దరఖాస్తులో అత్తయ్యగారి పుట్టిన తేదీ కూడా చూసుకోండి. పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకు నూరు శాతం అదనంగా ఇస్తారు. ఇది కుటుంబ పెన్షనుకూ వర్తిస్తుంది. తేదీ నమోదు కాకపోతే ఆ పెంపు దానంతట అది పడదు. అన్నట్టు మామయ్యగారికి ఇప్పటికే 82 కదా, ఆ 20 శాతం పడుతోందో లేదో ఈ నెల పెన్షన్ స్లిప్పులో చూడండి. 80 నిండిన నెల మొదటి తేదీ నుంచి రావాలి. రాకపోతే బకాయితో సహా అడగొచ్చు.

ఇంట్లో వికలాంగులైన కొడుకో కూతురో ఉంటే, తల్లిదండ్రుల తర్వాత వాళ్ళకు జీవితాంతం కుటుంబ పెన్షన్ వస్తుంది. ఆ పేరు కూడా వీళ్ళిద్దరూ ఉండగానే పీపీఓలో ఎక్కించాలి.

నాన్నగారి వేలిముద్ర పడటం లేదు. లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నారని ఏటా ఇచ్చేది) ఇచ్చామన్నా కిందటేడు పెన్షన్ ఆగింది. (రామచంద్రపురం)

ఇవి రెండు వేరు వేరు సమస్యలు. జీవితమంతా పొలం పని చేసిన చేతికి వేలిగీతలు అరిగిపోతాయి, దానికి మందు లేదు. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, దాంతోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని ముఖంతో చేయండి. వీధి అరుగు మీద, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, ఒకసారి కళ్ళు ఆర్పమనండి. గదిలో ట్యూబులైటు కింద చేస్తే చాలాసార్లు పట్టదు.

ఇచ్చినా ఆగిందంటే, యాప్‌లో ‘పెన్షన్ ఇచ్చే సంస్థ’ అన్నచోట బ్యాంకు పేరు ఎంచుకుని ఉంటారు. రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి ‘స్పర్శ్’కు ఖాతా మారినవారు అక్కడ ‘స్పర్శ్, పీసీడీఏ పెన్షన్స్’ అని ఎంచుకోవాలి. పాత పీపీఓ నంబరు కాకుండా 12 అంకెల కొత్త నంబరు వేయాలి. లేకపోతే సర్టిఫికెట్ తయారవుతుంది కానీ చేరాల్సిన చోటికి చేరదు. గడువు ఎప్పుడన్నది స్పర్శ్ ఖాతాలో కనిపిస్తుంది. మామూలుగా నవంబరు. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.

మా తాతయ్య యుద్ధంలో ఉన్నారని అంటారు. ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పరు. ట్రంకుపెట్టెలో నాలుగైదు మెడల్స్, చెదలు కొట్టిన ఒక పుస్తకం ఉన్నాయి. వాటిని బట్టి ఏమైనా తెలుస్తుందా? ఎలా దాచాలి? (ఇంజినీరింగ్ విద్యార్థి, పాలకొల్లు)

చాలా తెలుస్తుంది బాబూ. ముందు ఒక భూతద్దం తెచ్చుకో. చాలా మెడల్స్ అంచు మీద, మందంలో, సన్నని అక్షరాలతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నంబరు ముందు జేసీ అని ఉంటే ఆ మెడల్ వచ్చేనాటికి ఆయన జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు.

తర్వాత పేర్లు చదువు. రక్షా మెడల్ 1965 అంటే ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నారని అర్థం. సమర సేవా స్టార్ కూడా ఉంటే యుద్ధక్షేత్రంలోనే ఉన్నారని. 1971కీ అంతే: సంగ్రామ్ మెడల్ సాధారణంగా అందరికీ వచ్చింది, పూర్వీ స్టార్ తూర్పున బంగ్లాదేశ్ వైపు పోరాడినవారికి, పశ్చిమీ స్టార్ పశ్చిమ సరిహద్దులో ఉన్నవారికి. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉంటుంది. దానిమీద జమ్మూ కాశ్మీర్ అనో, నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్) అనో, హిమాలయ అనో ఉంటే ఆయన ఏ కొండల్లో కాపలా కాశారో ఆ పట్టీయే చెబుతుంది. 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ 1972 నాటిది. నువ్వు చెప్పిన పుస్తకం డిశ్చార్జి బుక్కే అయి ఉంటుంది. అందులో చేరిన తేదీ, విడుదలైన తేదీ, విడుదలకు కారణం, ప్రవర్తన, మెడల్స్ జాబితా ఉంటాయి. జాబితాలో ఉండి పెట్టెలో లేని మెడల్ ఏదో చూసుకో.

ఇవన్నీ తెలుసుకున్నాకే తాతయ్య దగ్గర కూర్చో. ‘యుద్ధంలో ఏం చేశారు తాతయ్యా’ అంటే ఆయన లేచి వెళ్ళిపోతారు. ‘నేఫాలో చలికి ఏం తినేవారు, ఉత్తరం ఇంటికి ఎన్నాళ్ళకు చేరేది, మీ ఫిరంగి లాగడానికి ఏ బండి ఉండేది’ అని అడుగు. తెలిసి అడిగే ప్రశ్నకు పెద్దలు జవాబిస్తారు. ఫోన్ రికార్డింగు పెడుతున్నానని ముందే చెప్పు. అరగంట దాటనివ్వకు. చనిపోయిన తోటివారి ప్రస్తావన వచ్చి ఆయన ఆగిపోతే అక్కడితో వదిలేయి, ఇంకొక రోజు చూసుకోవచ్చు.

ఇక దాచే సంగతి. మన గాలిలో చెమ్మ ఎక్కువ, సముద్రం దగ్గరైతే ఉప్పు కూడా. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి మెడల్ తోమకండి. బ్రాసో వంటి పాలిష్ కూడా వద్దు. చాలా మెడల్స్ రాగి, నికెల్ కలిసిన లోహం. తోమిన కొద్దీ అంచు మీది పేరు అరిగిపోతుంది. మెత్తటి పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్లు ఉతకొద్దు, రంగు దిగుతుంది. పూర్తిగా చివికిపోతే కొత్తవి దొరుకుతాయి, వెడల్పు సాధారణంగా 32 మిల్లీమీటర్లు. పాతదాన్ని మాత్రం పారేయకుండా కాగితంలో చుట్టి పక్కన ఉంచండి. ప్లాస్టిక్ పీవీసీ కవర్లలో పెడితే లోహానికి పచ్చటి చిలుము పడుతుంది. ఒక్కోదాన్ని తెల్ల నూలుగుడ్డలో చుట్టి, బిగుతుమూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే చెమ్మ పీల్చేశాయని గుర్తు, మార్చేయాలి.

డిశ్చార్జి బుక్కును లామినేషన్ చేయించకండి. ఒకసారి వేడితో అతికాక ఊడదు, కొత్త ఎంట్రీ వేయడానికి, ముద్ర వేయడానికి చోటుండదు. చెద మట్టిని మెత్తటి బ్రష్‌తో దులిపి, ప్రతి పేజీని, ఖాళీ పేజీలతో సహా, 300 డీపీఐలో స్కాన్ చేయించండి. నకలు ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అత్తయ్య ఇంట్లో ఉండాలి. వరదకు, తుపానుకు పుస్తకం తడిస్తే పేజీలు లాగకండి, ఎండలో పెట్టకండి. పేజీల మధ్య తెల్ల టిష్యూ పెట్టి, నీడలో ఫ్యాను గాలికి, టిష్యూ మారుస్తూ ఆరబెట్టాలి. ఆ వీలు లేకపోతే పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. బూజు పట్టకుండా ఆగుతుంది, వీలు చూసుకుని తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే దగ్గరున్న ఆసుపత్రికి వెళ్ళొచ్చా? (భీమవరం)

వెళ్ళండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జాబితాలో ఉన్న ఆసుపత్రా కాదా అని చూడక్కర్లేదు. జాబితాలో ఉన్నదైతే కార్డు చూపిస్తే సమాచారం వాళ్ళే పంపుతారు. లేనిదైతే 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్‌కు మీరే తెలపాలి. పేషెంటు పేరు, కార్డు నంబరు, చేర్చిన తేదీ, సమయం, జబ్బు రాసి ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే తర్వాత రుజువుండదు. బిల్లు మీరు కట్టి తర్వాత తీసుకోవాలి. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారమే ఇస్తారు, మిగతాది మీదే. ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, విడివిడిగా లెక్క రాసిన అసలు బిల్లులు, స్టెంట్ వేస్తే దాని స్టిక్కరు, ఇన్వాయిస్ తప్పక అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చేశాక వాటికోసం తిరగడం చాలా కష్టం.

ఆయన పోయిన రోజు ఏం చేయాలో రాయండి. అడగడానికి మనసొప్పడం లేదు, కానీ తెలియాలి. (నరసాపురం)

అడిగింది మంచిపనే. ఆ రోజు చేయాల్సింది కాగితాల వరకు కొంచెమే: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక ఫోన్. లాంఛనాలకు మనుషులు వచ్చే వీలుంటే వాళ్ళే చెబుతారు. జాతీయ జెండా కప్పే విషయంలో మాత్రం జాగ్రత్త. ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే కప్పాలని ఫ్లాగ్ కోడ్ చెబుతోంది. అప్పుడు కాషాయం తలవైపు ఉంటుంది, చితికి ముందే జెండా తీసేస్తారు, దహనం చేయకూడదు, పూడ్చకూడదు. లాంఛనాలు లేకపోతే ఆయన టోపీ, మెడల్స్ పక్కన పెట్టి దండ వేయండి. అందులో గౌరవానికి లోటేమీ లేదు.

మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. పేరు పీపీఓలో ఉన్నట్టే రాయించండి. ఊళ్ళో పిలిచే పేరు రాయిస్తే మళ్ళీ మొదటి ప్రశ్నలోని తిప్పలే. తర్వాత స్పర్శ్‌లో మరణం నమోదు చేసి, భార్య ఆధార్, పాన్, ఆమె బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. సర్వీసు నుంచి వచ్చాక మామూలుగా పోయినవారి భార్యకు చివరి జీతంలో 30 శాతం లెక్కన, కనీసం 9,000 రూపాయల మూల కుటుంబ పెన్షన్, దానిపైన డీఏ. ఆయన 67 ఏళ్ళ లోపు పోతే, ఏడేళ్ళు గానీ ఆయనకు 67 నిండేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు, ఎక్కువ రేటు ఉంటుంది.

ఏటీఎం కార్డు చేతిలో ఉంది కదా అని పోయిన తర్వాత పడిన పెన్షన్ తీయకండి. కర్మకాండల ఖర్చుకు తీసి, తర్వాత ఆ సొమ్ము తల్లి పెన్షనులోంచి కోత పడుతుంటే పిల్లలు బాధపడటం మామూలైపోయింది. పోయిన రోజు వరకు రావాల్సిన బకాయి నామినీకి వస్తుంది. ఆ నామినేషన్ వేరే ఉంటుంది, స్పర్శ్‌లో ఎవరి పేరుందో ఇప్పుడే చూడండి.

నాన్నకు చెవులు వినపడవు, ఎంత అరిచినా ‘అరవకు’ అని ఆయనే కోప్పడతారు. ఫిరంగుల దళంలో చేశారు. (మండపేట)

ఆయన కోపం న్యాయమైనదే. ఫిరంగి మోత దెబ్బతీసేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనుల్ని. స, శ, త, క వంటి హల్లులు పోతాయి, అచ్చులు వినిపిస్తాయి. మాట చెవిన పడుతుంది, కానీ ఏ మాటో తెలియదు. అలాంటి చెవికి గట్టి శబ్దం నొప్పిగా కూడా ఉంటుంది. కాబట్టి ఎదురుగా కూర్చుని, ఫ్యాను, టీవీ ఆపి, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడండి. పదం అర్థం కాకపోతే అదే పదం మళ్ళీ మళ్ళీ అనకుండా వేరే మాటతో చెప్పండి.

ముందు చెవిలో గులిమి ఉందేమో డాక్టరుకు చూపించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. వినికిడి యంత్రం ఈఎన్‌టీ సిఫారసు మీద ఈసీహెచ్ఎస్‌లో దొరుకుతుంది. రెండు చెవులకూ అవసరమైతే రెండూ అడగండి. మొదటి వారం పళ్ళేల చప్పుడు కూడా భరించలేక తీసి సొరుగులో పడేస్తారు. రోజుకు గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే నెలా నెలన్నరకు అలవాటవుతుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. మన చెమ్మకు యంత్రాలు పాడయ్యేది అక్కడే.

మాజీ సైనికుడి కోటాలో తాతయ్యకు ఇచ్చిన ఎకరంన్నర ఉంది. రిజిస్ట్రేషన్ కావడం లేదు. మిగతా సొంత పొలాన్ని ఇద్దరు కొడుకులకూ ఇప్పుడే రాసిచ్చేస్తానంటున్నారు. (రాజోలు)

కోటా భూమి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, అంటే 22ఏ నిషేధిత జాబితాలో ఉండి ఉంటుంది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన మామూలు డీకేటీ పట్టా భూములతోపాటు మాజీ సైనికులవీ అందులో చేరిపోయాయి. 1993 నవంబరు 11 నాటి 1117 నంబరు జీవో ప్రకారం మాజీ సైనికుడు పట్టా వచ్చిన పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు. జాబితా నుంచి తీయించడానికి అసలు పట్టా, డిశ్చార్జి బుక్కు, అడంగల్, 1బీ నకళ్ళతో దరఖాస్తు పెట్టాలి. తహసీల్దారు నుంచి ఆర్డీవో ద్వారా కలెక్టరు దగ్గరికి వెళుతుంది. ఫైలు ఆగేది సాధారణంగా మూడు చోట్ల: పట్టా మీద ‘మాజీ సైనికుడు’ అని కాకుండా ‘భూమిలేని పేద’ అని రాసి ఉండటం, అడంగల్‌లో సాగుదారుగా వేరేవాళ్ళ పేరుండటం, ఆ సర్వే నంబరు లంక భూమో డ్రెయిన్ పోరంబోకో కావడం. మొదటిదానికి తహసీల్దారు ఆఫీసులోని అసైన్‌మెంటు రిజిస్టరు నకలు తీసుకోండి, అందులో ఏ కేటగిరీ కింద ఇచ్చారో ఉంటుంది.

సొంత పొలం సంగతి: గిఫ్ట్ డీడ్ రాస్తే ఆ రోజే పొలం చేయి దాటిపోతుంది. వీలునామా రాస్తే ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనదే, మనసు మారితే మార్చుకోవచ్చు. మా సలహా వీలునామాయే. ఇద్దరు సాక్షులు ఆయన సంతకాన్ని చూసి సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. ఆ వయసులో ఆ వారం నాటి డాక్టరు సర్టిఫికెట్ ఒకటి జతగా ఉంటే తర్వాత గొడవలుండవు. ఇప్పుడే గిఫ్ట్ ఇస్తానని పట్టుబడితే, ‘నన్నూ నా భార్యనూ జీవితాంతం పోషించాలనే షరతు మీద’ అన్న వాక్యం దస్తావేజులో ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను కింద, చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్లో రద్దు కోరడానికి ఆ వాక్యమే ఆధారం.

నాన్న 1960ల్లో చేరి ఏడేళ్ళకే వచ్చేశారు, పెన్షన్ లేదు. ఆయన పోయారు. అమ్మకు 74. ఏమైనా వస్తుందా? (తణుకు)

ముందు డిశ్చార్జి బుక్కులో ‘రిజర్వు’ అన్న మాట ఉందేమో వెతకండి. ఆ కాలంలో కొంత సర్వీసు, తర్వాత కొంత రిజర్వు (ఇంటి దగ్గరే ఉండి, పిలిస్తే వెళ్ళడం) అన్న పద్ధతి ఉండేది. రెండూ కలిపి 15 ఏళ్ళు అయితే రిజర్విస్టు పెన్షనుకు అర్హత ఉంది. అది ఎప్పుడూ అడగకపోయి ఉంటే రికార్డు ఆఫీసుకు రాయండి.

అది లేకపోతే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలసరి పెన్యూరీ గ్రాంటు (పేదరికంలో ఉన్నవారికి ఇచ్చే సాయం) ఉంది. 65 దాటిన, ఏ పెన్షనూ లేని, హవల్దారు వరకు ర్యాంకు ఉన్న మాజీ సైనికులకు, వారి వితంతువులకు ఇస్తారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, పరిశీలించేది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. అమ్మను మాజీ సైనికుడి వితంతువుగా గుర్తించే ఐడీ కార్డు లేకపోతే ముందు అది తీసుకోవాలి. దానికి డిశ్చార్జి బుక్కు, మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని అమ్మను ఒకసారి ఆఫీసుకు తీసుకెళ్ళండి.